కాలికి రాడ్ వేయాలన్నారు: కోత మోకాలి చిప్ప కిందా, పైనా, పక్కనా?

కావలి దగ్గరో సింగరాయకొండ దగ్గరో హైవే మీద బండి పడుతుంది. 108 వచ్చి నెల్లూరుకో ఒంగోలుకో చేరుస్తుంది. ఎక్స్‌రేలో మోకాలికీ చీలమండకీ మధ్య పెద్దెముక రెండు ముక్కలై కనిపిస్తుంది. "లోపల రాడ్ వేయాలి" అంటారు డాక్టరుగారు. సరేనని సంతకం పెట్టబోతుండగా మద్రాసు నుంచి బావమరిది ఫోను చేస్తాడు. "ఇప్పుడంతా చిప్ప పైనుంచి వేస్తున్నారంట మావా, కింద కోస్తే జన్మంతా మోకాలు నొప్పేనంట. ఇక్కడికి తీసుకొచ్చెయ్యండి." ఇక వార్డు బయట వరండాలో పంచాయితీ మొదలు.

నేను ఆపరేషన్ చేసేవాణ్ణి కాదు, ఫిజియోథెరపిస్టుని. కుట్లు విప్పాక ఆ కాళ్ళు నా దగ్గరికి వస్తాయి, నెలల తరబడి వస్తూనే ఉంటాయి. కోతల తేడాలు నాకు తెలిసేది ఆపరేషన్ బల్ల దగ్గర కాదు, ఆ మనిషి మళ్ళీ నేల మీద కూర్చోబోయినప్పుడు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోత ఎక్కడ అన్నది మొదటి ప్రశ్న కాదు. ఎముక ఎక్కడ విరిగింది, దాని మీది చర్మం ఎలా ఉంది అన్నవి ముందు తేలాలి. ఎముక నడిమధ్యలో విరిగితే కేవలం కోత కోసం ఊరు మారాల్సిన పని లేదు. మోకాలికి దగ్గర్లోనో చీలమండకి దగ్గర్లోనో విరిగితే మాత్రం బావమరిది మాట కొట్టిపారేయకండి, డాక్టరుగారిని అడగండి.

## ముందు తేల్చుకోవాల్సినవి

విరిగిన చోటు. ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి ఎముకను మనసులోనే మూడు వాటాలు వేయండి. నడిమి వాటాలో ఎముక లోపలి గొట్టం సన్నం. రాడ్ అందులో బిగువుగా కూర్చుంటుంది, కూర్చుంటూనే ముక్కల్ని వరసలోకి తెస్తుంది. రెండు చివర్లలో గొట్టం వెడల్పు. అక్కడ రాడ్ వదులుగా ఉంటుంది కాబట్టి ముక్క వంకర తిరిగి అలాగే అతుక్కునే ప్రమాదం ఎక్కువ. కోత చర్చకి అసలు బలం వచ్చేది ఈ చివర్ల విరుపుల దగ్గరే.

చర్మం. ఈ ఎముక ముందువైపు చర్మానికి ఆనుకునే ఉంటుంది, మధ్యలో కండ లేదు. అందుకే విరిగినప్పుడు బయటికి పొడుచుకురావడం మామూలు. అలా పుండు పడితే ఆలస్యం లేకుండా యాంటీబయాటిక్ పడాలి, థియేటర్లో గాయం శుభ్రం కావాలి. గాయం మరీ పాడై ఉంటే ముందు బయట రాడ్లు బిగించి, కొన్నాళ్ళకి లోపలి రాడ్ సంగతి చూస్తారు. ఇక తారురోడ్డు మీద ఈడ్చుకుపోయి మోకాలి కింద చర్మం చెక్కుకుపోయినవాళ్ళుంటారు. ఆ గాయం మీదుగా కోత పెట్టడానికి ఏ సర్జనూ ఇష్టపడడు.

మోకాలు ఎంత మడవొచ్చు. అదే కాలికి తొడ ఎముక కూడా విరిగి ఉంటే, లేదా ఎప్పటినుంచో మోకాలు బిగుసుకుపోయి ఉంటే, 90 డిగ్రీలు దాటి మడవడం కష్టం కావచ్చు. చిప్ప కింద కోతకి అంత వంపు కావాలి.

రోగి చేసే పని. దీన్ని మనవాళ్ళు డాక్టరుకి చెప్పనే చెప్పరు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమా, చీమకుర్తిలో రాళ్ళ మధ్య పనా, టైల్స్ పరిచే పనా, రోజూ మోకాళ్ళు నేలకి ఆనించి నమాజు చేసుకునే మనిషా అన్నదాన్నిబట్టి మోకాలి నొప్పి చిన్న చికాకు అవుతుందా, బతుకుతెరువు సమస్య అవుతుందా అన్నది తేలుతుంది.

డాక్టరుగారి చేతి అలవాటు, ఆసుపత్రిలో ఉన్న సామాను. చిప్ప పైనుంచి వేయాలంటే పొడవాటి పరికరాలున్న ప్రత్యేకమైన సెట్టు కావాలి. అది లేనిచోట దాని గురించి పట్టుబట్టి ప్రయోజనం లేదు.

## దారులు మూడు, గుమ్మం ఒక్కటే

పేషెంట్లు చాలామంది అనుకునేదేమంటే, పైన కోస్తే రాడ్ పైనుంచి, కింద కోస్తే కిందనుంచి ఎముకలోకి దిగుతుందని. అది కాదు. ఏ కోత పెట్టినా రాడ్ ఎముకలోకి దిగేది ఒకే చోటు నుంచి: మోకాలి కీలు దగ్గర, పెద్దెముక పైకప్పు ముందు అంచున. ఆ చోటుకి చేరడానికి చర్మంలో ఎక్కడ కోయాలి, మోకాలిని ఎంత వంచాలి అన్నవే తేడాలు. రాడ్ అదే, అడ్డంగా బిగించే స్క్రూలు అవే, ఎముక అతుక్కోవడానికి పట్టే కాలమూ దాదాపు అంతే.

| విషయం | చిప్ప కింద | చిప్ప పైన | చిప్ప పక్కన |
|---|---|---|---|
| మోకాలి వంపు | 90 డిగ్రీలు, ఇంకా ఎక్కువ | 15–20 డిగ్రీలు | 15–20 డిగ్రీలు |
| మోకాలి దగ్గర విరిగితే | వంకర రాకుండా అదనపు జాగ్రత్తలు కావాలి | అనుకూలం | అనుకూలం |
| చీలమండ దగ్గర విరిగితే | చేయొచ్చు, కాలు నిలిపి పట్టుకోవాలి | సులువు | సులువు |
| పరికరాలు | అన్నిచోట్లా ఉండేవే | ప్రత్యేక సెట్టు తప్పనిసరి | మామూలువాటితో సరిపెట్టుకోవచ్చు |
| చిప్ప వెనక మృదులాస్థికి (కీలులోని నున్నటి పొరకి) | దాన్ని తాకదు | తాకే అవకాశం ఉంది | కీలు తెరవకుండా చేస్తే తక్కువ |
| మోకాలు ఆనిస్తే నొప్పి | ఎక్కువగా చెప్పేది ఇక్కడే | కొంత తక్కువ అంటారు, అధ్యయనాలన్నీ ఒప్పుకోవు | మధ్యస్థం |
| రాడ్ తీసేటప్పుడు | పాత కోతే | సాధారణంగా చిప్ప కింద కొత్త కోత | పాత కోత చాలా వరకు పనికొస్తుంది |

## చిప్ప కింద కోత

మన రెండు జిల్లాల్లో రాడ్ వేయించుకున్నవాళ్ళలో ఎక్కువమంది మోకాలి మీద కనిపించే మచ్చ ఇదే. మోకాలి కింద త్రికోణపు స్టాండు పెట్టి కాలిని బాగా మడుస్తారు. చిప్ప కింది అంచు నుంచి, ముందుకు పొడుచుకొచ్చిన ఎముక బొడిపె దాకా ఉన్న జాగాలో కోత పడుతుంది. చర్మం కింద చిప్పని ఎముకకి కట్టిపడేసే గట్టి స్నాయువు ఉంటుంది. కొందరు సర్జన్లు దాన్ని నిలువుగా చీల్చి మధ్యలోంచి వెళ్తారు, కొందరు పక్కకు నెట్టి వెళ్తారు.

స్నాయువుని చీల్చడం వల్లే మోకాలి నొప్పి వస్తుందని చాలాకాలం నమ్మారు. ఫిన్లాండులో ఆ రెండు పద్ధతుల్నీ చీటీ తీసినట్టు పేషెంట్లకి పంచి చూశారు. 2002లో వచ్చిన ఫలితం ప్రకారం నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి "మా డాక్టరు చీల్చకుండా వేశాడు" అని మురిసిపోనక్కర్లేదు, "చీల్చాడు" అని దిగులూ అక్కర్లేదు.

నొప్పి మాత్రం నిజం. రాడ్ వేయించుకున్నవాళ్ళలో దాదాపు సగం మంది ఎంతో కొంత మోకాలి ముందు నొప్పి చెబుతారని పాత అధ్యయనాల సారాంశం. అందరికీ అది తీవ్రంగా ఉండదు. కారణం కూడా ఒక్కటి కాదు. నా దగ్గరికి వచ్చినప్పుడు చిప్ప కింద నుంచి బొటనవేలితో కొంచెం కొంచెంగా నొక్కుతూ దిగుతాను. కొందరికి మచ్చ మీదే చురుక్కుమంటుంది. కొందరికి మచ్చ పక్కన, కాలి బయటివైపు, వేలు పెడితే తెలియని మొద్దు జాగా ఉంటుంది. అక్కడ అడ్డంగా పోయే సన్నటి నరాల కొమ్మలు కోతలో తెగడం వల్ల వచ్చేది అది. ఇంకొందరికి స్నాయువు వెనక, లోతుగా నొక్కితేనే నొప్పి. వాళ్ళ పక్కవాటు ఎక్స్‌రే తెప్పించి చూడాలి. రాడ్ పైకొన ఎముక అంచు దాటి కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉంటే దొంగ దొరికినట్టే. అలాంటివాళ్ళకి ఎముక పూర్తిగా అతుక్కున్నాక రాడ్ తీయిస్తే ఉపశమనం దొరికే అవకాశం బాగుంటుంది. మిగతావాళ్ళకి తీసినా నొప్పి పోతుందని గట్టిగా చెప్పలేం.

ఈ కోతకున్న అసలు బలహీనత నొప్పి కాదు, పైభాగం విరుపుల్లో దాని ఇబ్బంది. మోకాలిని మడిచేకొద్దీ స్నాయువు బిగుసుకుని, విరిగిన పైముక్కని ముందుకు ఎత్తిపడుతుంది. రాడ్ ఆ స్థితిలోనే దిగితే కాలు ముందుకు విల్లులా వంగి అతుక్కుంటుంది. దీన్ని ఆపడానికి రాడ్ పక్కకి జరగకుండా అడ్డుస్క్రూలు వేయడం, ముందే చిన్న ప్లేటుతో ముక్కల్ని పట్టి ఉంచడం వంటి ఉపాయాలున్నాయి. తెలిసిన సర్జన్ చేతిలో అవి బాగానే పనిచేస్తాయి.

ఇంకొక్క మాట. తొడ ఎముక, కింది ఎముక రెండూ విరిగిన కాలికి ఈ కోత ఒకందుకు మేలు. తొడ రాడ్‌ని మోకాలి వైపు నుంచి పైకి ఎక్కించేటట్టయితే రెండు రాడ్లకీ ఒకే కోత సరిపోతుంది.

## చిప్ప పైన కోత

కాలిని దాదాపు చాపి ఉంచే పద్ధతికి పునాది 1996లో పడింది. టోర్నెట్టా, కాలిన్స్ అనే అమెరికన్ సర్జన్లు పైభాగం విరుపుల్లో వంకర రాకుండా ఉండటానికి ఇలా చేయొచ్చని ప్రచురించారు. వాళ్ళు చిప్పని పక్కకి జరిపి వెళ్ళారు. చిప్ప పైన చిన్న కోతతో, గొట్టంలోంచి పని కానిచ్చే పద్ధతి ఆ తర్వాత వచ్చింది.

మోకాలి కింద దుప్పటి చుట్ట పెడతారు. చిప్పకి కాస్త పైన, తొడ ముందు కండరపు స్నాయువులో నిలువుగా చిన్న కోత. అందులోంచి ఒక గొట్టాన్ని చిప్ప వెనకగా, తొడ ఎముక ముందుగా జార్చి కింది ఎముక అంచున ఆనిస్తారు. ఎముక గొట్టాన్ని తొలవడం, రాడ్ దించడం అన్నీ ఆ గొట్టంలోంచే.

లాభం కళ్ళకి కనబడేది. కాలు బల్ల మీద నిశ్చలంగా ఉంటుంది, పాదం లాగి పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు అక్కర్లేదు, ఆపరేషన్ మధ్యలోనే ఎక్స్‌రే చూపించే సీ-ఆర్మ్ యంత్రంతో ముందునుంచీ పక్కనుంచీ చూడటం తేలిక. చీలమండ దగ్గరి విరుపుల్లో ఇది ఎంత తేడా తెస్తుందో 2016లో ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. 5 డిగ్రీలు, అంతకి మించిన వంకర చిప్ప కింద కోతలో 26 శాతం మందికి వస్తే, చిప్ప పైన కోతలో 4 శాతం లోపే వచ్చింది. ఒక అధ్యయనంతో అంతా తేలిపోదు గానీ, అంత తేడాని పక్కన పెట్టలేం.

నొప్పి విషయంలో అంత స్పష్టత లేదు. కొన్ని అధ్యయనాల్లో పైన కోతవాళ్ళకి నొప్పి తక్కువ, కొన్నిట్లో ఇద్దరూ సమానం. "జన్మంతా మోకాలు నొప్పేనంట" అన్న ఫోనుకి ఇదీ జవాబు. అయితే మచ్చ మోకాలు ఆనించే చోట పడదు. నేల మీద మోకాలు మోపి పనిచేసే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఇక నష్టాలు. గొట్టం వెళ్ళేది కీలు లోపలినుంచి. చిప్ప వెనకున్న నున్నటి మృదులాస్థి గీసుకుపోవచ్చు, ముఖ్యంగా చిప్ప బిగువుగా ఉన్నవాళ్ళకి. తొలిచినప్పుడు రాలిన ఎముక పొడి కీలులో మిగలకుండా సెలైన్‌తో బాగా కడగాలి. ఎముక బయటపడిన గాయాల్లో, ఆ సూక్ష్మజీవులు కీలులోకి చేరతాయేమోనన్న భయం ఒకటుంది. ఇంతవరకు వచ్చిన లెక్కల్లో ఆ ప్రమాదం పెద్దగా పెరిగినట్టు కనిపించకపోయినా, బురద గాయాల్లో కొందరు సర్జన్లు ఈ దారి ఎంచుకోరు. వాళ్ళని తప్పుపట్టలేం. ఎప్పటినుంచో మోకాలి అరుగుదల ఉన్న పెద్దవాళ్ళకి కూడా ఆలోచించే చేయాలి.

రాడ్ తీసే సంగతి ముందే తెలుసుకోండి. పైనుంచి వేసిన రాడ్‌ని చాలాసార్లు చిప్ప కింద కోత పెట్టే తీస్తారు. కుర్రవాళ్ళు, రాడ్ తీయించుకోవాలనే పట్టుదల ఉన్నవాళ్ళు దీన్ని లెక్కలో వేసుకోవాలి. ఎంతో ముచ్చటపడి తప్పించుకున్న మచ్చ రెండేళ్ళకి మళ్ళీ అక్కడికే వస్తుంది.

## చిప్ప పక్కన కోత

కాలు చాపే ఉంచుతారు, చిప్పని ఒక పక్కకి జరిపి వెళ్తారు. కీలు పొర తెరవకుండా కూడా చేయొచ్చు. ప్రత్యేకమైన సెట్టు లేనిచోట చాపిన కాలి లాభాలు కావాలంటే ఇదే మార్గం. చిప్ప సులువుగా కదిలేవాళ్ళకి బాగుంటుంది, బిగుసుకున్న చిప్పకి కష్టం. మనవైపు దీని పేరు పెద్దగా వినబడదు, కానీ అడిగి చూడటానికి వెనకాడొద్దు.

## ఎవరికి ఏది

మధ్యలో విరిగింది, పుండు లేదు, డాక్టరుగారికి కింద కోత అలవాటు అంటే అక్కడే చేయించుకోండి. గంటల తరబడి ప్రయాణం చేయించి, వాచిన కాలిని మద్రాసు చేర్చినందువల్ల ఒరిగేది తక్కువ.

మోకాలి దగ్గర, లేదా చీలమండకి బాగా దగ్గర విరిగితే "కాలు చాపి వేసే పద్ధతి మీరు చేస్తారా?" అని నేరుగా అడగండి. "లేదు, కానీ అడ్డుస్క్రూలతో చేస్తాను, ఇలాంటివి చేశాను" అంటే అదీ మంచి జవాబే. "ఏదైనా ఒకటే లేవయ్యా" అని విసుక్కుంటే ఇంకో అభిప్రాయం తీసుకోవచ్చు. విసుగుకి కాదు, ఆ మాట తప్పు కాబట్టి.

టైల్స్, గ్రానైట్ పాలిషింగ్, తాపీ పని చేసేవాళ్ళ విషయంలో నేను పైన కోత వైపే మొగ్గుతాను, సెట్టు, అనుభవం రెండూ ఉంటే. నా దగ్గరికొచ్చిన ఒక టైల్స్ మేస్త్రీ మోకాలు పూర్తిగా మడిచి చూపించి, "వంగుద్ది సార్, ఆనించలేను" అన్నాడు. ఆసుపత్రి కాగితంలో మాత్రం ఆ కాలు 'పూర్తిగా బాగుంది' అని ఉంది, ఎందుకంటే అక్కడ కొలిచింది వంపుని మాత్రమే. నమాజు చేసుకునేవాళ్ళకి, చర్చిలో మోకరించేవాళ్ళకి, గొంతుక్కూర్చుని గేదె పాలు పితికే ఆడవాళ్ళకి కూడా ఈ తేడా చెప్పి ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోమంటాను. గొంతుక్కూర్చోవడం మటుకు చాలామందికి వ్యాయామంతో తిరిగి వస్తుంది, ఏ కోతైనా సరే. మోకాలు ఆనించడమే మొండికేస్తుంది. కుట్లు పూర్తిగా మానాక మెత్తటి పరుపు మీద మొదలుపెట్టి, తర్వాత మడిచిన దుప్పటి, ఆ తర్వాత చాప అంటూ మెల్లగా అలవాటు చేయాల్సిందే.

ఎదిగే పిల్లలకి ఈ చర్చ వర్తించదు. వాళ్ళ ఎముక ఎదిగే పొర సరిగ్గా రాడ్ దిగే చోటే ఉంటుంది కాబట్టి, రాడ్ తప్పదంటే వంగే సన్నటి కడ్డీలు వేరే చోటునుంచి వేస్తారు.

సిగరెట్, బీడీ తాగేవాళ్ళకి ఒకటే మాట. ఎముక అతుకు ఆలస్యం చేయడంలో ఏ కోతా పొగ ముందు నిలవదు.

## అసలు రాడ్ వద్దనుకుంటే

నెల్లూరులో కాలు విరిగిందనగానే ఇంట్లో ఒకరైనా నాటుకట్టుకి పేరున్న పుత్తూరు పేరెత్తుతారు. ముక్కలు కదలకుండా వరసలోనే ఉండి, పుండు లేకపోతే, ఈ ఎముక కట్టుతో కూడా అతుక్కుంటుంది. అది ఆసుపత్రి సిమెంటు కట్టుకీ వర్తిస్తుంది. పక్కకి వంకర 5 డిగ్రీల లోపు, పొట్టి 1 సెంటీమీటరు లోపు ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. దానికి వారం వారం ఎక్స్‌రే తీసి చూడాలి, నాటుకట్టులో లేనిది అదే. ఎముక బయటికొచ్చినా, ముక్కలు జరిగిపోయినా అటు వెళ్ళొద్దు. కట్టు ఏదైనా, వేళ్ళు కదిపితే ప్రాణం పోయేంత నొప్పి, పిక్క రాయిలా గట్టిపడటం, వేళ్ళు తిమ్మిరెక్కడం కనబడితే ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాలి. కండ చచ్చిపోవడానికి గంటలు చాలు.

చీలమండ దగ్గర విరిగితే ప్లేటు కూడా ఒక దారే. బ్రిటన్‌లో 321 మంది మీద చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, ఆరు నెలలకి రాడ్‌కీ ప్లేటుకీ మనిషి తిరుగాడే తీరులో పెద్ద తేడా కనబడలేదు. చిప్ప దగ్గర ఏ కోతా వద్దనుకునేవాళ్ళకి ఇది గుర్తుండాల్సిన సంగతి. కానీ వాచి, బొబ్బలెక్కిన చర్మం మీద ప్లేటు వేయడం పుండుని కొనితెచ్చుకోవడమే.

## డబ్బు, కాగితాలు

మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవలో మీ కేసు వస్తుందా, పైన కోత సెట్టుకి విడిగా ఏమైనా అడుగుతారా అన్నది ఆసుపత్రిలోని హెల్ప్‌డెస్క్ దగ్గర ముందే తేల్చుకోండి, థియేటర్లోకి తీసుకెళ్ళాక కాదు. రోడ్డు ప్రమాదమైతే 2025లో కేంద్రం తెచ్చిన నగదురహిత పథకం ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో వర్తిస్తుంది. స్టీలు రాడ్ కంటే టైటానియం రాడ్ తీసుకోమని ఎవరైనా వత్తిడి చేస్తే, దానివల్ల మోకాలి నొప్పి తగ్గదని మాత్రం తెలుసుకోండి.

డిశ్చార్జి కాగితంలో రాడ్ కంపెనీ పేరు, పొడవు, మందం, ఏ కోతనుంచి వేశారన్నది రాయించుకోండి. రాడ్ పెట్టెమీది స్టిక్కరు అతికిస్తే ఇంకా మంచిది. తీసేటప్పుడు ఆ కంపెనీ రాడ్‌కి సరిపోయే పరికరమే కావాలి. ఏళ్ళ తర్వాత ఇంకో ఊళ్ళో, ఇంకో సర్జన్ ముందు కూర్చున్నప్పుడు ఆయన మొదట అడిగేది ఆ స్టిక్కరునే.